గన్నవరానికీ శంషాబాద్‌కీ మధ్య ఇఫ్తార్

బందరు కోనేరు సెంటర్లో ఎవరినైనా ఆపి టైమెంతైందని అడిగితే ఫోను చూసి చెప్తారు. నూరుల్లాని అడిగితే మాత్రం, "ఎక్కడి టైమండీ?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వేళాకోళం కాదు, ఆయనకది నిజంగానే సందేహం. ప్రభుత్వం వారు దేశమంతటికీ కలిపి ఒకే గడియారం పెట్టారు గానీ, ఆ జీవో కాపీ సూర్యుడికి అందలేదని ఆయన వాదన. సూర్యుడు బందర్లో ఒక వేళకి దిగుతాడు, గుడివాడలో ఇంకో వేళకి దిగుతాడు, హైదరాబాద్‌లో తీరిగ్గా మరో పదకొండు నిమిషాలు కూర్చుని దిగుతాడు. ఈ తేడాలన్నీ నూరుల్లాకి కంఠతా వచ్చు.

వృత్తి వాచీల రిపేరు. తండ్రి దగ్గర్నుంచి వచ్చిన కొట్టు, నిలువునా ఒక మంచం పడితే ఇంక చోటుండదు. అరవై మూడేళ్ళ వయసులో కూడా కంటికి భూతద్దం బిగించుకుని, సన్న పట్టకారుతో ఆవగింజంత మరని పట్టుకుంటే చెయ్యి వణకదు. ఇప్పుడు వాచీలు కట్టేవాళ్ళే తగ్గిపోయారు, కట్టినవాళ్ళు బ్యాటరీ వేయించుకోవడానికి తప్ప రారు. అయినా పొద్దున పదింటికల్లా కొట్టు తెరిచి, గోడ మీది పదకొండు గడియారాలూ ఒకే మాట మీద ఉన్నాయో లేదో చూసుకుంటాడు. అందులో ఒకటి అర నిమిషం వెనకబడినా ఆ పూట ఆయనకి అన్నం సయించదు.

ఊళ్ళో ఆయనకి పేరొచ్చింది వాచీల వల్ల కాదు, రంజాన్ కార్డు వల్ల. ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. ఒక రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విడవమని ఊళ్ళో రెండు మసీదుల సైరన్లు మూడు నిమిషాల తేడాతో మోగాయి. మొదటి సైరన్ విని ఖర్జూరం నోట్లో వేసుకున్నవాళ్ళ రోజా చెల్లదని, రెండో సైరన్ దాకా ఆగినవాళ్ళు చెప్పారు. మరీ అంత చాదస్తమేమిటని మొదటివాళ్ళు అన్నారు. పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉపవాసం ఉన్న మనుషులు, కోపాలు ఎక్కడుంటాయి మరి, ముక్కు మీదే ఉంటాయి. పెద్ద రభస అయింది. ఆ గొడవ చూసిన నూరుల్లా మర్నాడు పక్క వీధిలో ఉండే లెక్కల మాస్టారు శేషాచలం దగ్గరికి వెళ్ళి, సూర్యుడు దిగే వేళ కచ్చితంగా తేల్చే దారేదైనా ఉందా అని అడిగాడు. మాస్టారు అట్లాసు తీసి నిలువు గీతలు చూపించి, పడమటికి ఒక గీత జరిగితే సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా దిగుతాడని చెప్పాడు. నిమిషాల్లోకి వచ్చేసరికి నూరుల్లాకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఏడాది నుంచి గులాబి రంగు అట్ట మీద కార్డు అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున సహరీ భోజనం ముగించాల్సిన వేళ, సాయంత్రం ఇఫ్తార్ చేసి రోజా విడవాల్సిన వేళ, ముప్పై రోజులకీ ముప్పై వరసలు. అడుగున చిన్న అక్షరాల్లో, ఇఫ్తార్‌కి గుడివాడ వారు ఒక నిమిషం, అవనిగడ్డ వారు ఒక నిమిషం, విజయవాడ వారు రెండు నిమిషాలు కలుపుకోవలెను అని ఉంటుంది. ఇప్పుడందరి ఫోన్లలోనూ యాప్‌లున్నాయి. అయినా బందర్లో చాలా వంటిళ్ళలో ఫ్రిజ్ తలుపుకి నూరుల్లా కార్డే అంటించి ఉంటుంది.

కాగితం మీద తేలినదాన్ని కళ్ళతో సరిచూసుకోకుండా అచ్చుకిచ్చే మనిషి కాదు. ఏటా రంజాన్‌కి ముందు స్కూటరేసుకుని హంసలదీవి వెళ్తాడు. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇసుక మీద నిలబడితే, పడమటి వైపు మిద్దెలూ మేడలూ అడ్డం రాకుండా సూర్యుడు దిగేది సాంతం కనిపిస్తుందని. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు చేతులకీ రెండు వాచీలు కట్టుకుని, మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని నిలబడ్డాడు. అక్కడ వల బాగుచేసుకుంటున్న అంకమ్మరావు ఈ వాలకం చూసి లేచి వచ్చాడు.

"ఏ ఆఫీసండీ తమరిది? సర్వేకొచ్చారా?"

"సూర్యుడు ఎన్నింటికి దిగుతాడో చూసుకుందామని వచ్చానయ్యా."

"దానికి బందరు నించి రావాలాండీ? కబురెడితే మేం చెప్పేవోళ్ళం కదా, చీకటడిందని!"

అప్పట్నుంచి ఏటా నూరుల్లా స్కూటరు కనపడగానే, "సూర్యుడి తనిఖీ బాబుగారొచ్చారర్రా" అని అంకమ్మరావు పేటంతా వినపడేట్టు కేకేస్తాడు. కుర్చీ వేస్తాడు, టీ తెప్పిస్తాడు. సూర్యుడు సరిగ్గా దిగాడని ఈయన తలాడిస్తే అదేదో తన పూచీ మీద దిగినట్టు సంతోషిస్తాడు.

గుడివాడలో మాత్రం ఇంత మర్యాద జరగలేదు. అక్కడ బియ్యం వ్యాపారం చేసే జాహిద్ కార్డు పట్టుకుని బస్సెక్కి మరీ వచ్చి పోట్లాడాడు. "ఏంటండీ ఇది? మా ఊరు మీ ఊరికన్నా ఒక నిమిషం వెనకబడిందనా మీ ఉద్దేశం?" అన్నాడు. "వెనకబడ్డం కాదు జాహిద్ గారూ, మీ ఊళ్ళో పొద్దు మాకన్నా ఒక నిమిషం ఎక్కువసేపు ఉంటుంది, మీకున్న అదృష్టం మాకు లేదు" అన్నాడు నూరుల్లా. జాహిద్ కాసేపు ఆలోచించి, ఇంకో యాభై కార్డులు పట్టుకెళ్ళాడు.

ఇంట్లో సంగతి సరేసరి. నూరుల్లా భార్య నాగూర్ బీ, పెళ్ళిచూపుల్లో ఈయన తన మొహం చూడకుండా గోడ గడియారం వంక చూశాడనీ, అది రెండు నిమిషాలు ఫాస్టుందని తన తండ్రికి చెప్పాడనీ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. నవ్వించినా, ఆ నిమిషాల మీద ఆవిడకున్న గురి మాత్రం ఇంతా అంతా కాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఇఫ్తార్ కోసం నేల మీద పరిచిన దస్తర్ఖాన్ గుడ్డ చుట్టూ అందరూ కూర్చుని ఈయన నోటివంకే చూస్తారు. చెయ్యెత్తి, వాచీ చూసి, ఊఁ అన్నాకే ఖర్జూరం నోట్లోకి వెళ్తుంది. సైరన్ మోగినా సరే, ఆవిడ ఈయన ఊఁ అనేదాకా ముట్టేది కాదు.

అలాంటి నాగూర్ బీకి మూడేళ్ళు రోజాలు ఉండే యోగం లేకపోయింది. కడుపులో పుండు. ఉపవాసం మాటెత్తితే డాక్టరమ్మ కళ్ళెర్ర చేసేది. మూడు రంజాన్లూ నాగూర్ బీ అందరికీ పళ్ళు కోసి, షర్బత్ కలిపి, పళ్ళాలు సర్ది, తను మాత్రం గుమ్మం పక్కన పీట మీద కూర్చునేది. ఎవరూ ఏమీ అనలేదు, అనే మతమూ కాదు. కానీ ఆవిడకి మాత్రం పండగ ఇంట్లో తనొక్కతే పరాయిదైనట్టు ఉండేది. ఈ ఏడు డాక్టరమ్మ స్కానింగు చూసి, "ఇంక పర్లేదు, ఉండండి" అనేసరికి, ఆస్పత్రి మెట్ల మీదే ఏడ్చేసింది. ఈసారి ముప్పైకి ముప్పై పూర్తిచేస్తానని, ఒక్కటి కూడా పోనివ్వనని ఒట్టు పెట్టుకుంది. ఇరవై ఏడు నిండాయి.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున పదిన్నరకి హైదరాబాద్ నుంచి అల్లుడు తబ్రేజ్ ఫోను. కూతురు నీలోఫర్‌కి నెలాఖరుకని చెప్పిన కాన్పు ముందే అయిపోయింది. ఆడపిల్ల. ఇద్దరూ కులాసా.

"ఎన్నింటికి పుట్టింది?" నూరుల్లా మొదటి మాట అదే.

"తొమ్మిదీ పదిహేడుకి, మావయ్యా."

"ఆస్పత్రి గడియారమా, నీ ఫోనా?"

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి వచ్చిన నాగూర్ బీ ఫోను లాక్కుని, ఇలాంటి తండ్రికి పుట్టినందుకు నీలోఫర్‌కి ఓపిక ఎక్కువని చెప్పి, పిల్ల ఎవరి పోలిక, జుట్టుందా, ఏడుపెలా ఉంది అని వరసపెట్టి అడిగింది. అటునుంచి పసిదాని ఏడుపు వినిపించేసరికి ఇద్దరూ ఒక్కసారే నోరు మూసుకుని ఫోనుకి చెవులు ఆనించారు. కొట్టుకి వచ్చిన మనిషిని కూడా వినమని నూరుల్లా ఫోను అతని చెవి దగ్గర పెట్టాడు. అతను బ్యాటరీ కోసం వచ్చాడు పాపం.

"సాయంత్రం ఆరింటికి గన్నవరం నుంచి ఫ్లైటుంది, టికెట్లు పంపించేశాను," అన్నాడు తబ్రేజ్. "గంటే ప్రయాణం. ఏడింటికి ఇక్కడుంటారు."

నూరుల్లాకి ఒళ్ళు మండింది. "గంట ఎలా అవుతుందయ్యా? గుడివాడ రైలు గేటు దగ్గర పోయే పన్నెండు నిమిషాలతో కలిపి బందరు నుంచి గన్నవరం రెండు గంటలు. అక్కడ గంటన్నర ముందుండమంటారు. దిగాక శంషాబాద్ నుంచి మీ ఇంటికి ముప్పావు గంట. అయిదుంబావు గంటల ప్రయాణాన్ని పట్టుకుని గంటంటావేంటి?" అని, ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆరింటికి ఎక్కి ఏడింటికి దిగడమంటే, ఇఫ్తార్ వేళకి గాల్లో ఉంటారు.

తబ్రేజ్‌కి కూడా అప్పుడే తట్టింది. "ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది కదా. అత్తయ్యని ఈ ఒక్క రోజుకీ మానేయమనండి. తర్వాతెప్పుడైనా ఉండొచ్చు."

"తర్వాత ఉండాల్సినవి మూడేళ్ళవి నా నెత్తి మీద ఉన్నాయి బాబూ, ఇంకోటి కలపను," అంది నాగూర్ బీ. "మనవరాలిని చూస్తాను, రోజా కూడా ఉంటాను." ఫోను పెట్టేసి భర్త వంక తిరిగింది. "టైము సంగతి మీరు చూసుకోండి. మిగతావన్నీ నేను చూసుకుంటాను."

అంత తేలిగ్గా అనేసి బట్టలు సర్దడానికి వెళ్ళిపోయింది. నూరుల్లా మాత్రం కార్డు తీసి ముందేసుకున్నాడు. నిమిషం ముందు ఊఁ అంటే పొద్దుట్నుంచి ఆవిడ ఉన్న ఉపవాసం మట్టిలో కలిసిపోతుంది. మూడేళ్ళు పీట మీద కూర్చున్న మనిషి ఒట్టు తన మూలంగా పోతుంది. కార్డులో బందరుంది, గుడివాడుంది, అవనిగడ్డుంది. ఆకాశం లేదు.

తిన్నగా శేషాచలం మాస్టారింటికి నడిచాడు. మనవరాలు పుట్టిందనగానే మాస్టారి భార్య శారదాంబ కాఫీ కలపబోయి, రోజా గుర్తొచ్చి నాలిక్కరుచుకుని, పసిదానికని తన చేత్తో అల్లిన టోపీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. మాస్టారు అప్పటికే అట్లాసు ముందేసుకున్నాడు. ఎనభై దాటిన మనిషికి లెక్క దొరికితే పండగే.

"గన్నవరం నుంచి శంషాబాద్ గాల్లో రెండొందల అరవై కిలోమీటర్లు, నూరుల్లా. రోడ్డు మీదైతే వంకర్లు తిరుగుతాం గానీ విమానానికి వంకరేముంది. గంటని టికెట్ మీద వేస్తారు గానీ గాల్లో ఉండేది ముప్పావు గంటే. మన వైపు నూటారు కిలోమీటర్లు పడమటికి పోతే ఒక డిగ్రీ. అంటే నాలుగు నిమిషాలు."

"ఇవాళ బందర్లో ఆరూ పద్దెనిమిది మాస్టారూ. కానీ విమానం ఒకచోట నిలబడదు కదండీ. సూర్యుడు దిగుతుంటే ఇది ఆయన వెనకాలే పరిగెడుతుంది."

"అదే కదా అందం!" అన్నాడు మాస్టారు. ఇద్దరూ కలిసి కాగితాలు నింపారు. ఆరింటికి విమానం ఎక్కడుంటుంది, ఆరూ ఇరవైకి ఎక్కడుంటుంది, అక్కడ సూర్యుడు ఎన్నింటికి దిగుతాడు. విమానం వేళా సూర్యుడి వేళా ఒకదాన్నొకటి కలుసుకునేచోటు తెలంగాణలో ఎక్కడో తేలింది. ఆరూ ఇరవై నాలుగు. మాస్టారు దాని చుట్టూ సున్నా చుట్టి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు. నూరుల్లా దాన్ని జేబులో పెట్టుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

బాడుగకి కారు తిప్పే ఉదయ్ కిరణ్‌ని పిలిపించుకుని బయల్దేరారు. గుడివాడలో గేటు పడింది, సరిగ్గా పన్నెండు నిమిషాలు ఆపింది. "చూశావా?" అన్నట్టు నూరుల్లా డ్రైవరు వంక చూశాడు. ఉదయ్ కిరణ్‌కి అందులో చూడ్డానికేముందో అర్థం కాలేదు. గన్నవరం విమానాశ్రయంలో లోపలికి వెళ్ళగానే, "నూరుల్లా భాయ్!" అని ఎవరో కేకేశారు. చూస్తే గుడివాడ జాహిద్. చెల్లెలింటికి వెళ్తున్నాడట, అదే విమానం, ఆయనా రోజా మీదే ఉన్నాడు. మనవరాలి కబురు విని కౌగిలించుకుని, "ఇఫ్తార్ ఎలాగా అని పొద్దుట్నుంచి కొట్టుకుంటున్నాను. ఇప్పుడింక నాకేం దిగుల్లేదు, కార్డే నడిచొచ్చింది!" అన్నాడు. ఆ గొంతుకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. రోజా మీదున్న ఇంకో నలుగురైదుగురు లేచి వచ్చి, ఎన్నింటికండీ అని అడిగారు. నూరుల్లా జేబులోంచి కాగితం తీసి, ఆరూ ఇరవై నాలుగని అందరికీ చెప్పాడు. చెప్పేటప్పుడు కాస్త గొంతు సవరించుకున్నాడని, తర్వాత నాగూర్ బీ పదిమందికీ చెప్పింది.

విమానంలో రెండేసి సీట్లు. కిటికీ పక్క సీటు నాగూర్ బీకి ఇచ్చాడు. నడవకి అవతల జాహిద్. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇదే మొదటి విమానం. విమానం పరిగెత్తుతుంటే నాగూర్ బీ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, నేలని వదలగానే మోచెయ్యి వదిలేసి కిటికీకి అతుక్కుపోయింది. ఆయన మాత్రం ఆరూ మూడు అని కాగితం మీద రాసుకున్నాడు.

"అదిగోండి కాలవ! అదిగో, వరికుప్పలు! అయ్యో, మనుషులు చీమల్లా కూడా లేరు. చూడండీ ఒకసారి!"

"చూద్దాంలే," అన్నాడు నూరుల్లా వాచీ వంక చూస్తూ. మార్చి నెలలో ఆకాశం కడిగినట్టు ఉంది. ఆవిడ ఒళ్ళో డబ్బా తెరిచి ఖర్జూరాలు నడవకి అటూ ఇటూ అందరికీ పంచింది. ఎయిర్‌హోస్టెస్ అడగ్గానే గ్లాసుల్లో నీళ్ళు తెచ్చిపెట్టింది.

ఆరూ పంతొమ్మిదికి జాహిద్ ఫోను మోగింది. నెట్‌వర్క్ లేకపోయినా యాప్ తన పని తను చేసింది. జాహిద్ ఖర్జూరం ఎత్తాడు.

"అది గుడివాడ టైము," అన్నాడు నూరుల్లా, చెయ్యి అడ్డం పెట్టి. "మనమిప్పుడు గుడివాడలో లేం. ఇంకా అయిదు నిమిషాలు."

"చూశారా, ఫోనుకేం తెలుసు!" అని జాహిద్ వెనక సీట్ల వాళ్ళకి వినిపించేట్టు అన్నాడు.

ఆరూ ఇరవై మూడు. అందరూ ఖర్జూరాలు వేళ్ళ మధ్య పట్టుకుని నూరుల్లా వంకే చూస్తున్నారు. ఆరూ ఇరవై నాలుగు. నూరుల్లా చెయ్యెత్తాడు. ఊఁ అనబోతుండగా నాగూర్ బీ గబుక్కున తిరిగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. సూర్యుడున్నాడు."

"సూర్యుడు కాదు, అది వెలుగు. దిగిపోయాక కూడా కాసేపు ఎర్రగా ఉంటుంది."

"వెలుగుకీ సూర్యుడికీ తేడా తెలీదా నాకు? గుండ్రంగా ఉన్నాడండీ. ముందుకి వంగి చూడండి, రెండు వేళ్ళ ఎత్తున ఉన్నాడు."

"మాస్టారూ నేనూ కలిసి రెండుసార్లు సరిచూసుకున్న లెక్క ఇది."

"ఏంటి భాయ్, వేసుకోనా వద్దా?" అన్నాడు జాహిద్. ఖర్జూరం పెదవుల దగ్గరే ఉంది.

నాగూర్ బీ గొంతు తగ్గించింది. "ముప్పై ఎనిమిదేళ్ళు మీరు చెప్తే తిన్నాను. ఒక్కరోజైనా ఎందుకని అడిగానా? ఇవాళ నా మాట వినండి. నా రోజాండీ ఇది."

ఆ చివరి మాటకి నూరుల్లా చెయ్యి దించాడు. ఆవిడ మీదుగా వంగి, చెంప అద్దానికి ఆనించి ముందుకి చూశాడు. సూర్యుడు ఉన్నాడు. వెలుగు కాదు, చార కాదు, నిండుగా, ఎర్రగా, ఏ లెక్కా పట్టనట్టు కూర్చుని ఉన్నాడు. కిందికి చూశాడు. కింద నేలంతా నల్లబడుతోంది, ఊళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. అక్కడి వాళ్ళు ఈపాటికి ఖర్జూరాలు తినేసే ఉంటారు. వాళ్ళ మట్టుకు ఆరూ ఇరవై నాలుగు సరిగ్గా సరిపోయింది.

"ఎత్తు," అన్నాడు నూరుల్లా నెమ్మదిగా. "పడమటికి ఎంత పోతామో చూశాం గానీ పైకి ఎంత పోతామో చూడలేదు. వీధిలో చీకటిపడ్డాక కూడా డాబా మీద పిల్లలకి ఎండ తగుల్తుంది కదూ. మనం కొన్ని వందల డాబాల మీద ఉన్నాం."

మాస్టారి కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. ఇంకొక్క క్షణం ఆవిడ ఊరుకుని ఉంటే ఇరవై ఎనిమిదో రోజాని తన చేతులారా పోగొట్టి ఉండేవాడు. ఆ భయం తగ్గాక సిగ్గేసింది, సిగ్గు తగ్గాక నవ్వొచ్చింది. అవతలికి తిరిగి, దాచకుండా చెప్పేశాడు. "జాహిద్ గారూ, నేను తప్పు చెప్పాను. ఎవరూ తినకండి, ఇంకా వేళ కాలేదు."

జాహిద్ ఖర్జూరం కిందికి దించాడు. గుడివాడ చేరాక ఈ సంగతి ఎవరెవరికి చెప్పాలో అప్పుడే లెక్క వేసుకున్నట్టు కళ్ళు మెరిశాయి. "మరి ఎన్నింటికి?"

"తెలీదండీ." ఆ మాట నూరుల్లా నోటినుంచి ఈ విషయంలో రావడం ముప్పై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. "మీ వదినకి కనిపిస్తోంది. ఆవిణ్ణే అడగండి."

దాంతో విమానంలో పెత్తనం నాగూర్ బీ చేతికి వచ్చింది. ముక్కు అద్దానికి నొక్కుకుని, సీట్ల మీదుగా కబుర్లు పంపుతోంది. "ఇంకా ఉన్నాడు... కిందికొచ్చాడు గానీ ఉన్నాడు... అడుగున కొంచెం బల్లపరుపుగా అయ్యాడు..." రోజా లేనివాళ్ళు కూడా మెడలు చాచి కిటికీల్లోకి చూడసాగారు. వెనకనుంచి ఎవరో, "ఇప్పుడెంతండీ?" అని స్కోరు అడిగినట్టు అడిగారు. ఆరున్నర అయింది. నాలిక పిడచకట్టుకుపోతోంది. అయినా ఎవరూ విసుక్కోలేదు.

ఇంతలో విమానం దిగబోతోందని మైకులో చెప్పారు. ఎయిర్‌హోస్టెస్ గ్లాసులు తీసుకోవడానికి వచ్చింది. బల్లలు మూసేయాలండీ అంది.

"ఒక్క నిమిషం తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది నాగూర్ బీ. "పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు తాగలేదు మేం. ఆయనెళ్ళిపోతే మేం తాగేసి ఇచ్చేస్తాం."

"ఎవరండీ?"

"సూర్యుడు."

ఆ అమ్మాయి నవ్వి, నడవలో వంగి తను కూడా కిటికీలోంచి చూసింది. "త్వరగా కానివ్వండి మరి," అని ముందు వరసల వైపు వెళ్ళింది.

విమానం కుడి పక్కకి ఒరిగింది. ఒరిగేసరికి సూర్యుడు మొత్తంగా నాగూర్ బీ కిటికీలోకి వచ్చేశాడు. ఆవిడ మొహమంతా ఎర్రబడింది. విమానం కిందికి దిగుతున్నకొద్దీ ఆయనా గబగబా దిగిపోతున్నాడు, సగమయ్యాడు, పావయ్యాడు. "మనతో పాటే దిగుతున్నాడండీ!" అని చిన్నపిల్లలా అరిచింది. నూరుల్లా సూర్యుడి వంక చూడలేదు, వాచీ వంకా చూడలేదు. ఆవిడ మొహంలో వెలుగు తగ్గడం చూస్తున్నాడు. పెళ్ళిచూపుల్లో చూడాల్సిన మొహం ఇదే కదా అనుకున్నాడు.

"వెళ్ళిపోయాడు," అంది నాగూర్ బీ. ఇంకోసారి కళ్ళు చిట్లించి చూసింది. అద్దం మీద ఆవిరి తుడిచి మళ్ళీ చూసింది. అప్పుడు వెనక్కి తిరిగి, గొంతెత్తి అందరికీ చెప్పింది. "ఇప్పుడు తినండి!"

అన్ని వరసల్లోనూ చేతులు నోళ్ళ దగ్గరికి వెళ్ళాయి. జాహిద్ ఒకేసారి రెండు ఖర్జూరాలు వేసుకున్నాడు. నాగూర్ బీ అలవాటు కొద్దీ అందరూ తిన్నారా అని చూస్తోంది. నూరుల్లా తన చేతిలోది తినకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"మీరు తినరేం?"

"ముందు నువ్వు."

ఆవిడ ఖర్జూరం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. గ్లాసెత్తి నీళ్ళు తాగింది, గటగటా కాదు, గుక్క తర్వాత గుక్కగా, అయిపోతాయేమోనన్నట్టు. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు చెంపల మీదికొచ్చేశాయి, అయినా నవ్వుతూనే ఉంది.

"ఇరవై ఎనిమిది," అంది. "ఇంక రెండేనండీ."

"ఆ రెండు రోజులూ కూడా నువ్వే చెప్పాలి," అన్నాడు నూరుల్లా, ఖర్జూరం నోట్లో వేసుకుంటూ.